చివరి హుక్కు

పాత జరీ చీరలు కాల్చి వెండి తీయడం ఓబళప్ప పని. దొరలు వెళ్లిపోయి పదేళ్లయినా బెంగళూరు కంటోన్మెంటులోనే ఉండిపోయిన ఒక దొరసాని చనిపోయింది. ఆమె విందులకు తొడిగే వెండి జరీ గౌను మూడో రోజు రాత్రి కాల్చడానికి అతని ఇంటికొచ్చింది.

భార్య పాపక్క చూడగానే గుర్తుపట్టింది. "నా పెండ్లికి ముందు ఆయమ్మకు దీన్ని నేనే తొడుగుతాంటి. దీన్ని కాల్చొద్దు."

"కాల్చకుంటే వెండి ఎట్లొస్తాది?" అన్నాడు ఓబళప్ప.

గౌను వీపు మీది హుక్కులన్నీ విప్పి, దాన్ని మంచం మీద పరిచి, బొగ్గుల కోసం పెరట్లోకి వెళ్లాడు. లోపల జరీ సన్నగా గరగరలాడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తిరిగొచ్చేసరికి గౌను గది మధ్యలో నిలబడి ఉంది. దాని వెనక పాపక్క వంగి ఉంది.

"ఊపిరి బిగబట్టండి దొరసానమ్మా. ఇంకొక్క హుక్కే ఉండాది."

గౌను నడుము మెల్లగా సన్నబడింది.