ఆమె బదులు

“ఆవిడ ‘నేను’ అంటే మీరూ ‘నేను’ అనే చెప్పాలి. ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తగ్గించొద్దు,” అంది ప్రొఫెసర్ మరిసోల్.

సులోచన తలూపింది. బహ్రెయిన్‌లోని ముహర్రక్ ఊళ్లో ఒక పాత ఇంటి మేడ మీది గది అది. మరిసోల్ అమెరికాలో తత్వశాస్త్రం చెబుతుంది. ఆమె తల్లి మెక్సికో నుంచి అక్కడికి వలస వెళ్లి పరుల ఇళ్లలో పాచిపని చేసింది. వలసపాలకులు పోయినా, పేద దేశాల ఆడవాళ్ల బదులు ఇంకెవరో మాట్లాడడం మాత్రం పోలేదని, ఆ పని స్త్రీవాదులు కూడా చేశారని మరిసోల్ పుస్తకాలు రాసింది. ఇప్పుడు బహ్రెయిన్‌లో ఇంటిపని చేసే ఆడవాళ్ల మాటలు వాళ్ల భాషలోనే వినాలని వచ్చింది. తెలుగు తర్జుమాకు మనిషి కావాలంటే, సులోచన పాఠాలు చెప్పే స్కూలువాళ్లు ఆమెను పంపారు.

వీరవేణి లోపలికి రాగానే సులోచన తన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. మరిసోల్ లేచి టీ అందించింది.

“పని చెప్పకుండా టీ ఇచ్చిన దొరసాని ఈవిడొక్కర్తేనండి,” అని నవ్వింది వీరవేణి. “అన్నీ చెప్తానండి టీచరుగారూ. కానీ ఆఖర్న నేనో మాట అడుగుతాను. ఒకరు నన్ను తప్పు పట్టారో లేదో తెలీక నిద్ర పట్టట్లేదండి. దానికి జవాబు కావాలి.”

సులోచన ఇంగ్లీషులో చెప్పింది. మరిసోల్ సరేనంది.

“ఒకళ్లింట్లో బాబుని చూసేదాన్నండి. సాకేత్ బాబు. నా చేత్తో పెడితేనే తినేవోడు.”

“నా చేత్తో పెడితేనే తినేవాడు,” అంది సులోచన ఇంగ్లీషులో.

“ఓ రోజు ఒళ్లు కాలిపోయిందండి. ఫిట్సు వచ్చింది. ఆళ్లమ్మగారు డ్యూటీలో ఉన్నారు, ఫోనెత్తలేదు. ఆసుపత్రికి ఎత్తుకెళ్దామంటే నాకు వీసా కాగితాల్లేవు. పట్టుకుంటారేమోనని గుమ్మంలోనే నిలబడిపోయానండి. ఆవిడొచ్చేసరికి అయిపోయింది.”

సులోచన ‘గుమ్మంలోనే నిలబడిపోయాను’ దాకా చెప్పి ఆగింది.

“తర్వాత? ఇంకా ఏదో అంది కదా?” అని అడిగింది మరిసోల్.

“అయిపోయింది అంది,” అంది సులోచన.

మరిసోల్ ముఖం ఎర్రబడింది. “కాగితాలు లేవని ఆ ఇంటివాళ్లకు తెలుసా?”

“తెలుసండి. అందుకే కదండీ తక్కువ జీతం.”

“అయితే తప్పు ఆ ఇంటిదే!”

సులోచన అదీ తెలుగులో చెప్పింది.

“అలాగనొద్దని చెప్పండి,” అంది వీరవేణి గబగబా. “అమ్మగారు మంచోరండి. తిట్టలేదు, కొట్టలేదు. నా బట్టల సంచి గుమ్మం బయట పెట్టేశారు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేదండి.”

‘మంచోరు’ అన్న ఒక్క మాటను ఇంగ్లీషులోకి తేవడానికి సులోచనకు చాలాసేపు పట్టింది. మంచినీళ్లు తాగి మిగతాది చెప్పింది.

“ఇప్పుడడుగుతానండి.” వీరవేణి ముందుకు వంగింది. “బాబుని నేనే చంపేశానని అమ్మగారు అనుకుంటన్నారా?”

తరగతిలో ప్రశ్న చదివి వినిపించినట్టు సులోచన దాన్ని ఇంగ్లీషులో అడిగింది.

మరిసోల్ కళ్లు తుడుచుకుంది. “ఆ తల్లి బదులు నేను చెప్పకూడదు. ఎవరూ చెప్పకూడదు. ఆమె మాట ఆమే చెప్పాలి.”

“ఆ తల్లే చెప్పాలంటున్నారు,” అంది సులోచన.

“అవునండి,” అంది వీరవేణి. “తర్జుమాకి మీరొస్తున్నారని విన్నానండి. అందుకే వచ్చానండి.”

ఇద్దరూ సులోచన వైపే చూస్తున్నారు.

సాకేత్ తల్లి సులోచన, ఖాళీ అయిన మంచినీళ్ల గ్లాసునే మళ్లీ నోటి దగ్గరకు తీసుకుంది.