తేలిగ్గా దొర్లిన కారు

ఫెరార్‌గంజ్ దాటాక చీకట్లో యుగంధర్ పాత కారు మళ్లీ ఆగిపోయింది. కొత్త కార్లన్నీ ఉత్త రేకు డబ్బాలని అందరితో వాదించే మనిషి, విసుగెత్తి దాని టైరుని తన్నాడు. భార్య సత్యవాణిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తిట్టుకుంటూ వెనక నుంచి తోశాడు. ముగ్గురు తోస్తే గాని కదలని బండి ఈసారి తేలిగ్గా దొర్లింది.

"మీతో పాటు తోస్తున్న ఆ భయ్యాని కూడా ఎక్కించుకుందామండీ, పాపం!" అద్దంలో చూస్తూ అరిచింది సత్యవాణి.

"ఏ భయ్యా?" అన్నాడు యుగంధర్. పక్కన ఎవరూ లేరు.

అంతలో ఇంజన్ అందుకుంది. ఆ మోతలో అతని మాట ఆమెకు వినపడలేదు. వెనక తలుపు తెరుచుకుని, మెల్లగా మూసుకుంది. సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి.

"ఎక్కారా?" అంది సత్యవాణి.

"ఊఁ" అన్నారెవరో లోపల్నుంచి.

"వాణీ, ఆగు!" రోడ్డు మీద పరిగెడుతూ అరిచాడు యుగంధర్.

కారు వేగం అందుకుంది.