వాకిట్లో స్టాండు

గవర్నరుపేటలో ఇళ్ల వాకిళ్లన్నీ సర్కారువారి మాట్లాడే సైకిలు స్టాండ్లయిపోయాయి. వకుళ మామగారు పోయిన పొద్దున, ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టబోతే స్టాండు ఒప్పుకోలేదు.

"ఇక్కడ సైకిళ్లు మాత్రమే పెట్టండి," అంది.

చేసేది లేక వకుళ ఇరుగుపొరుగుల్ని అడిగి రెండు సైకిళ్లు తెచ్చింది. వాటి మీద అడ్డంగా పాడె ఆనించారు. చూడవచ్చినవాళ్లు దండలు హ్యాండిళ్లకు తగిలించారు.

"ఎండ తగలకుండా రేకు కూడా వేశారమ్మా," అన్నాడు ఎదురింటి భుజంగరావు.

"వేశారన్నయ్యగారూ. సైకిళ్లకి."

పాడె లేచింది. సైకిళ్లు ఎవరివి వాళ్లు తీసుకున్నారు. చావింట్లో వెళ్లొస్తామనకూడదు కనుక అందరూ మాట్లాడకుండా కదిలారు. ఖాళీ అయిన స్టాండు మాత్రం తియ్యగా పలికింది:

"ధన్యవాదాలు. మళ్లీ రండి."

వకుళ దాని మొహాన ఉమ్మేసింది.