గుండుసూది దాటిన నీళ్ళు

"డ్రాపర్లన్నీ ఇటివ్వు బుడే. జేబులోది కూడా."

అటెండరు బుడే ముఖం మాడ్చుకున్నాడు. పొదిలిలోని ఆ జూనియర్ కాలేజీ బోటనీ ల్యాబులో అతనిది ఇరవై ఏళ్ళ సర్వీసు. అఖిల మేడం చేరి ఆరు నెలలు కాలేదు. అయినా ఆఖరి డ్రాపరు కూడా లాక్కుని, అల్మారాలో పడేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"మేడం, ఇంకో గంటలో ఎగ్జామినర్ దిగుతాడు. జయరావు గారంటే మామూలు మనిషి కాదు. పోయినేడు ఒక కాలేజీలో సగం మందికి సున్నాలు చుట్టేసి పోయాడు. దుంపలో మట్టం లేవకపోతే పిల్లల మార్కులు గోవిందా! ఇన్నేళ్ళూ ఆ మట్టం లేపింది ఎవరనుకున్నారు? ఈ చెయ్యి!"

ప్రయోగం చిన్నదే. బంగాళాదుంపను గుంటలా తొలిచి చక్కెర నీళ్ళు పోయాలి. మట్టం దగ్గర గుండుసూది గుచ్చి, దుంపను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాలి. గంటన్నరలో లోపలి మట్టం సూదిని దాటి పైకి రావాలి. పుస్తకంలో వస్తుంది. పొదిలిలో రాదు. ఎగ్జామినర్ టీకి లేచినప్పుడు బుడే డ్రాపరుతో నాలుగు చుక్కలు వేస్తే వస్తుంది.

"రాకపోవడానికి కారణం మీ బోరు నీళ్ళు. ఉత్త ఉప్పు కషాయం! అందుకే సాగర్ నీళ్ళ ట్యాంకరు దగ్గర రెండు బిందెలు పట్టించా," అంది అఖిల. "దుంపలో ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉంటుంది బుడే. రెండు వరసల కొవ్వు. తలలు నీళ్ళ వైపు, తోకలు లోపలికి. మధ్యమధ్యలో ప్రోటీన్ల వాకిళ్ళు. ఆ పొర నీళ్ళను రానిస్తుంది, చక్కెరను పోనివ్వదు. లోపల చిక్కగా ఉంటే బయటి నీళ్ళు వాటంతటవే వస్తాయి. నీ చెయ్యి అక్కర్లేదు."

"మన హాస్టల్ గేటన్నమాట. బజ్జీల పొట్లాలు లోపలికొస్తాయి, పిల్లలు మాత్రం బయటికి పోలేరు."

దుంప తొలుస్తున్న ఆరాధన కిసుక్కున నవ్వింది. మిరపకోతలకు పోయే ఆదెమ్మ కూతురు. ఫెయిలైతే రేపటినుంచి నువ్వూ కోతలకేనని ఆదెమ్మ ముందే చెప్పేసింది. క్లాసులో అందరికంటే బాగా చదివేది ఆ పిల్లే. అఖిల బెంగంతా ఆమె గురించే.

"మేడం, ఈ దుంపలు వెన్నలా తెగుతున్నాయి."

"బ్లేళ్ళు కొత్తవి మరి. నా జీతంతో కొన్నా," అంది అఖిల గర్వంగా.

దుంపలు మాత్రం కొన్నవి కావు. ఏటా లాగే తెల్లారేసరికి బుడే హాస్టల్ వంటింట్లోంచి ఏరుకొచ్చాడు.

జయరావు గారు చెప్పిన టైముకే దిగాడు. లోకమంతా బాల్‌పెన్నులకు మారినా ఆయన సంచిలో ఇంకా ఎర్ర ఇంకు సీసా, ఇంకు పీల్చి పెన్నులో పోసే ఫిల్లరు ఉన్నాయి. వస్తూనే పెన్నులో ఇంకు నింపుకుని, ఫిల్లరును కుళాయి కింద నాలుగుసార్లు కడిగి, చక్కెర నీళ్ళ బీకరు పక్కన ఆరబెట్టాడు. ఆ ఎర్ర ఇంకు చూసే పిల్లలకు చెమటలు పట్టాయి.

తర్వాత కూరగాయల బేరానికి వచ్చినవాడిలా ఆరాధన దుంపను బొటనవేలితో నొక్కి చూశాడు.

"నీళ్ళు లోపలికి ఎందుకొస్తాయమ్మా?"

ఆ పిల్ల బెదురుతూ మొదలుపెట్టి, కొవ్వు వరసలు, వాకిళ్ళు అన్నీ చెప్పి, ఊపులో బజ్జీల పొట్లాలు కూడా చెప్పేసింది. అఖిల నాలుక్కరుచుకుంది.

"బాగుంది. దుంపను ఉడికిస్తే?"

"పొర చచ్చిపోద్ది సార్. గేటూ ఉండదు, వాచ్‌మనూ ఉండడు. రేపటిదాకా పెట్టినా మట్టం లేవదు."

జయరావు గారు అఖిల వంక ఒకసారి, ఆ పిల్ల వంక ఒకసారి చూశాడు. మిగతావాళ్ళందర్నీ కూడా అడిగాడు. ఒక్కడు తప్ప అందరూ చెప్పారు. ఆ ఒక్కడు తుమ్ముతూ ఉండిపోయాడు, పక్క కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి మరి.

"ఇక అందరూ బయటికి నడవండి. లెక్చరర్ గారూ, మీరు కూడా. మట్టం లేచేదాకా నేనొక్కణ్ణే కూర్చుంటా. ఇట్టాంటి ల్యాబుల్లో ఏమేం జరుగుతాయో నాకు తెలుసు," అంటూ బుడే వైపు గుడ్లురిమి చూసి తలుపేసుకున్నాడు.

"అయిపోయింది మేడం. పిల్లల్ని ముంచారు," అన్నాడు బుడే వరండాలో కూలబడి.

అఖిల పైకి ధీమాగా నిలబడిందే గానీ, తన పంతానికి పిల్లల్ని బలిపెట్టానా అని గంటన్నరా కుమిలిపోయింది.

తలుపు తెరుచుకుంది. పన్నెండు దుంపల్లోనూ మట్టం సూదిని దాటి నిలబడి ఉంది!

పిల్లలు కేకలు పెట్టారు. ఆరాధన అఖిలను కావలించుకుని ఏడ్చేసింది.

"పిల్లలకు విషయం వచ్చమ్మా. బాగా చెప్పావు," అన్నాడు జయరావు గారు అఖిలతో. తుమ్మినవాడితో సహా అందరికీ మార్కులు వేసి, కవరుకు సీలు కొట్టి, ప్రిన్సిపాల్ గదిలో భోజనానికి వెళ్ళిపోయాడు.

"చూశావా బుడే! పొర తన పని తానే చేసుకుంది!"

"ఒప్పుకున్నా మేడం," అంటూ బుడే దండం పెట్టాడు. "ఇరవై ఏళ్ళు ఊరికే చెయ్యి నొప్పి తెచ్చుకున్నా."

అంతలో హాస్టల్ వంటామె వెంకటరావమ్మ అట్లకాడతో సహా ల్యాబులోకి ఊడిపడింది.

"ఏరా బుడే, కళ్ళు మూసుకుపోయినయ్యా? ఎగ్జామినర్ సారు వేపుడు కోసమని రాత్రే ఉడకేసి పెట్టిన దుంపల్ని ఎత్తుకొచ్చావా? పచ్చివి బుట్టలో అట్టాగే ఉన్నాయి!"

అఖిల ఒక దుంపను నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది. చివాల్న బుడే వైపు తిరిగింది.

"నా బిడ్డల మీద ఒట్టు మేడం, నేను గడప తొక్కలా! తాళంచెవి మీ కొంగునే ఉందిగా!"

కొంగు తడుముకుంది. ఉంది. అప్పుడు బల్ల వైపు చూసింది.

జయరావు గారు మరిచిపోయిన ఫిల్లరుకు చీమలు పట్టాయి.