నాన్న వానకోటు

"పోయిన జనవరిలో హ్యాంగర్లన్నీ తిరగేసి పెట్టాం కదమ్మా. తొడిగినవాటినే సరిగ్గా తగిలించమన్నాను. ఇంకా తిరగబడి ఉన్నవన్నీ బెండిగోలో చర్చివాళ్ల పాతబట్టల షాపుకే," అన్నాను బీరువా తెరుస్తూ.

"నీ రూలు నాకు గుర్తుందిలే, నరెల్."

అమ్మ పెళ్లి గౌను సంచిలో వేశాను. సంచి మూతి తనే తెరిచి పట్టుకుంది.

నాన్న పోయి రెండేళ్లు దాటింది. ఆయన వానకోటు హ్యాంగరు మాత్రం సరిగ్గా ఉంది.

"దీన్నెవరు తొడిగారు?"

"నేనే. సాయంత్రం కోళ్లను గూట్లోకి తోలాలిగా. ఈ కోటు కనబడితేనే వస్తాయి. లేకపోతే నక్కల పాలే."

"అంటే, నాన్న వచ్చాడని కోళ్లను మోసం చేస్తున్నావన్నమాట!"

"వాటికి తెలుసులేవే," అంది అమ్మ, కోటు తొడుక్కుంటూ. "అయినా వస్తాయి."