అయిదు వందల ఏళ్ల కిందటి మందు

నాగుపాము కరిచిన మా ఆయన బున్‌సోంగ్‌ని డురియన్ పళ్ల తోటలోంచి చంతబురి ఆసుపత్రికి చేర్చేసరికే ఆయన రెప్పలు వాలిపోతున్నాయి. విరుగుడు మందు అద్దాల బీరువాలో మా కళ్లెదుటే ఉంది. కంప్యూటరు తాళం తీస్తేగాని బీరువా తెరుచుకోదు. అది తియ్యనంటోంది.

"గడువు తీరి అయిదు వందల ఏళ్లు దాటిందంటోందమ్మా," అంది నర్సు, ఏడుపు గొంతుతో.

"ఆ కాలంలో మనల్నేలిన అయుత్థయ రాజులు వాడగా మిగిలిన మందా?" అన్నాను.

మనవరాలు వరణ్య నర్సును పక్కకు నెట్టి తెర ముందు కూర్చుంది. "సీసా మీద విదేశీ లెక్కలో 2026 అని ఉంది, అమ్మమ్మా. ఎవరో అలాగే ఎక్కించారు. ఇదేమో దాన్ని మన బుద్ధశకం అనుకుంటోంది. మనకిది 2569 కదా!"

"ఏ దద్దమ్మే ఈ ప్రోగ్రాం రాసింది? వాడి చేతులు పడిపోను!"

వరణ్య అంకెలు మార్చింది. ఒకసారి కాదంది కంప్యూటరు. రెండోసారీ కాదంది. బున్‌సోంగ్ ఊపిరి గొంతులోనే ఆగి ఆగి వస్తోంది. నా వేళ్లను పట్టుకున్న ఆయన పిడికిలి వదులైంది.

మూడోసారి తాళం తెరుచుకుంది. నర్సు మందు సూదితో పరుగెత్తుకొచ్చింది.

"రాసింది నేనే," అంది వరణ్య తెర మీంచి చూపు తిప్పకుండా. "విదేశీ ఏడాదికీ చోటుంచుతానంటే, మన ఆసుపత్రిలో పరాయి లెక్కలేమిటే సిగ్గులేకుండా అని, అన్నం కూడా మానేసి తీయించింది నువ్వే."

నలభై ఏళ్లు బడిలో పంతులమ్మగా అందరి నోళ్లూ మూయించినదాన్ని. ఆయన చెయ్యి మళ్లీ పట్టుకున్నాను.

రెప్పలు ఇంకా లేవలేదు.