బొడ్డు మీది పట్టీ

లీలాబాయి పొద్దున్నుంచి అప్పటికి మూడోసారి పట్టీ ఊడదీసింది.

"గింతేనా?" అన్నది ఆడబిడ్డ రాధాబాయి.

కరీంనగర్‌లోని ఆ నర్సింగ్‌హోమ్‌కు కడుపు కోయకుండా పిత్తాశయం తీసే మిషను వచ్చి మూడు నెలలు కాలేదు. నాలుగు చిన్న రంధ్రాలు, ఒక్కోదానికి ఒకటో రెండో కుట్లు. హుజూరాబాద్ నుంచి జీపు కట్టుకొని చూడవచ్చినవాళ్లకు అది ఏ మూలకూ చాలలేదు.

రాధాబాయికి గర్భసంచి ఆపరేషనప్పుడు జానెడు కోత పడింది. ఆ జానెడుతో ఆమె పదేళ్లుగా చుట్టాలందరినీ ఏలుతోంది.

"గింత తొర్రలకెల్లి రాళ్లసంచి ఎట్ల ఎల్లిందే?" అని బొడ్డు దగ్గర వేలు పెట్టి చూసింది రాధాబాయి. అదే వేలితో అప్పుడే బత్తాయి ఒలిచింది.

"బొడ్డులకెల్లే గుంజిన్రు వదినా! టీవీల చూసుకుంట!"

ఆపరేషన్ ముందురోజే అయింది. డాక్టరు లక్ష్మీకాంతరావు ఆ పొద్దునే వచ్చి మరీ చెప్పాడు.

"అమ్మా, మీకు షుగరున్నది. కుట్లు తీసేదాక పట్టీ ఇప్పొద్దు. బొడ్డు కాడ చీము పట్టిందంటే మల్ల కుట్లిప్పి, నెలల తరబడి కట్టు కట్టుకునుడే."

లీలాబాయి విన్నది. వినడం వరకే తన పని, పాటించడం నౌకర్ల పని అన్నట్టు విన్నది.

చుట్టాలు వెళ్లాక నర్సు సణుక్కుంటూ స్పిరిట్‌తో తుడిచి, కొత్త పట్టీ వేసి పోయింది.

అప్పుడు గుమ్మం దగ్గర ఒకామె కనిపించింది. వెలిసిన నేత చీర, చంకలో గుడ్డసంచి. వరండా బెంచీ మీద కూర్చునే మనిషే. లీలాబాయి ఆమెను ఆయా అనుకుంది. దవాఖానాలో బీద మనిషి ఎదురైతే ఇంకేమనుకోవాలో ఆమెకు తెలియదు.

"దొరసాని, జర పట్టీ ఇప్పకుండ్రి. నలుగురి చెయ్యి సోకితె బొడ్డు ఖరాబైతది."

"నువ్వేమన్న డాక్టరమ్మవా?"

"కాదు దొరసాని. నాది గూడ గిట్లనే..."

"నీది, నాది ఒక్కటేనానే? పో, పోయి గా బత్తాయి తొక్కలెత్తు."

ఆమె పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టుకొని, మెల్లగా వంగి, తొక్కలు ఎత్తింది. నాలుగు తొక్కలకు చాలాసేపు పట్టింది.

పనిదొంగ అనుకుంది లీలాబాయి.

మర్నాటి నుంచి ఒక్కరూ లోపలికి రాలేదు.

లీలాబాయి తల దువ్వించుకొని, పౌడరు రాసుకొని, దిండ్లకు ఆనుకొని కూర్చుంది. పదయింది. పన్నెండయింది. చుట్టాలకు బదులు నర్సు బత్తాయి సంచులు తెచ్చి బల్ల మీద పెడుతోంది.

"గివ్వెక్కడియి?"

"మీవోళ్లే బయట ఇచ్చిపోతున్నరమ్మా."

"లోపలికెందుకు వస్తలేరు?"

నర్సు నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మర్నాడు కిటికీ అవతల, రోడ్డు మీద నుంచి రాధాబాయి కేక వినిపించింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"లీలా, పైలం! మేం లోపలికి రాము. అంటుకుంటయట గద!"

"ఏమి అంటుకుంటయి?"

"కామెర్లు! నీకు కామెర్లయినయని వరండల కూసున్నామె చెప్పింది. గాలి సోకితెనే చాలట!"

కోపంతో లీలాబాయి కళ్లు నిజంగానే పచ్చబడ్డాయి. భర్త భూపాల్‌రావును వరండాలోకి తోలింది.

"ఏమే, మా ఇంటామెకు కామెర్లని చెప్పినవా?" అన్నాడు భూపాల్‌రావు.

"చెప్పిన దొరా."

"ఎందుకు?"

"మంచిగ చెప్తె మొన్న ఎవ్వలు ఇన్నరు దొరా? గట్ల చెప్తెనే ఆగిన్రు."

"బత్తాయిల కోసం!" లోపలి నుంచి అరిచింది లీలాబాయి. "వచ్చినోళ్ల చేతులకెల్లి పండ్లు గుంజుకునే ఉపాయం! ఎల్లగొట్టుండ్రి దాన్ని. మల్ల గేటు తొక్కనియ్యకుండ్రి!"

బత్తాయిలన్నీ తన బల్ల మీదే ఉన్న సంగతి ఆమెకు అడ్డు రాలేదు.

భూపాల్‌రావు వాచ్‌మన్‌ను పిలిచాడు.

"దొరా, జరసేపుంటె సిస్టరమ్మ పిలుస్తది. గప్పటిదాక కూసుంట," అన్నది ఆమె.

"ఇగ నిన్నెవ్వలు పిలువరు. నడువ్."

ఆమె గుడ్డసంచి సర్దుకొని, పొట్ట పట్టుకొని గేటు దాటింది.

ఆమె పోయింది గానీ కామెర్లు పోలేదు. ఆ కబురు హుజూరాబాద్ చేరి, చుట్టాల ఇళ్లలో పీట వేసుకొని కూర్చుంది. తర్వాతి నాలుగు రోజులూ ఒక్క వేలైనా లీలాబాయి బొడ్డు దాకా రాలేదు.

కుట్లు తీస్తూ డాక్టరు సంతోషపడ్డాడు.

"షుగరుండి గూడ చుక్క చీము లేదు. బాగ పైలంగున్నరమ్మా."

"నా పానం నేను చూసుకోనా?" అన్నది లీలాబాయి. "గని డాక్టర్ సాబ్, మీ ఆయాను మాత్రం కొలువుల పెట్టుకోకుండ్రి. నాకు కామెర్లని చెప్పి, వచ్చినోళ్లనందర్ని మల్లగొట్టింది."

"మా ఆయానా? ఆమె నెల దినాల సంది సెలవు మీదున్నది గదమ్మా."

"గదే, గుడ్డసంచి పట్టుకొని బెంచీ మీద కూసుంటది సూడుండ్రి. మేమే గేటు బయటికి నూకిచ్చినం. నాలుగొద్దులాయె."

డాక్టరు చేతిలో కత్తెర ఆగింది.

"ఆమె బాలలక్ష్మి అమ్మా, నేతోళ్ల మనిషి," అన్నాడు మెల్లగా. "మీకు చేసిన ఆపరేషనే పోయిన నెల ఆమెకూ చేసిన, వాడకట్టంత వచ్చి పట్టీ ఇప్పి చూసిపోయిన్రు, బొడ్డుల పట్టిన చీము ఇంకా తగ్గక దినాం కట్టు కోసమని గా బెంచీ మీద కూసునేది... నాలుగొద్దుల సంది ఎందుకు వస్తలేదో అనుకుంటున్న."